1969 మహీంద్రా ఎఫ్‌సీ-150 ట్రక్కు: డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాలి, ఎలా మొదలుపెట్టాలి?

కడియం నర్సరీ బండి:

అందరికీ నమస్కారం. మాది కడియం పక్కన చిన్న నర్సరీ. మా దగ్గర 1969 మోడల్ మహీంద్రా ఎఫ్‌సీ-150 ఉంది. ఈ బండి చూడని వాళ్ళ కోసం చెప్తాను. ముక్కు లేని జీపు ట్రక్కు ఇది. డ్రైవరు దాదాపు ముందు చక్రం మీదే కూర్చుంటాడు. ఇంజను రెండు సీట్ల మధ్య రేకు మూత కింద ఉంటుంది. అమెరికాలో విల్లీస్ వాళ్ళు 1956 చివర్లో తెచ్చిన మోడల్‌నే తర్వాత మహీంద్రా వాళ్ళు ఇక్కడ చేశారు. ఇంజను మాత్రం మామూలు జీపు హరికేన్ పెట్రోలు ఇంజనే, నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు.

1983లో మా నాన్నగారు వేలంపాటలో కొన్నారు. అప్పటి నుంచి మొక్కలు మోయడానికి ఇదే బండి. ఇప్పుడు కొత్త వ్యాన్ కూడా ఉంది కానీ, వారానికి రెండు మూడు సార్లు దీన్నే తీస్తాం. తోట లోపల బురదలో వ్యాన్ దిగబడిపోతుంది, ఇది ఫోర్ వీల్ వేసుకుని బయటికి వచ్చేస్తుంది. నాన్నగారికి ఇప్పుడు 74. ఇప్పటికీ పక్క సీట్లో కూర్చుని గేరు సరిగ్గా పడకపోతే నా వైపు చూస్తారు.

సమస్య ఏమిటంటే ఛార్జింగ్. దీనికి లూకాస్ డైనమో (ఇంజను తిరుగుతుంటే కరెంట్ తయారుచేసే పాత రకం యంత్రం) ఉంది, ప్లేటు మీద 22 ఆంపియర్లు అని ఉంది. ఏడాదిలో రెండుసార్లు ఆర్మేచర్ (లోపల తిరిగే రాగి చుట్ట) వైండింగ్ చేయించాను. పోయిన సోమవారం రాత్రి వానలో క్రోటన్లు, మందారాలు ఎక్కించుకుని వేమగిరి మీదుగా రాజమండ్రి వెళ్తుంటే మోరంపూడి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. వైపర్ తిరుగుతోంది, హెడ్‌లైట్లు వేసే ఉన్నాయి. పది నిమిషాలకి లైట్లు పసుపు రంగుకి వచ్చేశాయి. వైపర్ అద్దం సగంలో ఆగి, మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగింది. ఇంజను ఆపితే సెల్ఫ్ కొట్టదని తెలుసు కాబట్టి కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయలేదు. వెనకాల లారీ హారన్లు, పక్కన నాన్నగారు, నాకు టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక తోసి స్టార్ట్ చేయాల్సి వస్తుందని బండిని వాలులో పెట్టాను.

డైనమో బదులు అదే పని చేసే కొత్త రకం, ఆల్టర్నేటర్ పెట్టేద్దామని నిర్ణయించుకున్నాను. ఏ బండిది సరిపోతుంది? బ్రాకెట్ చేయించుకోవాలా? పాత వైరింగ్ అలాగే ఉంచవచ్చా? డైనమో ఛార్జింగ్‌ని అదుపు చేసే కటౌట్ బాక్సు తీసేయాలా? చేసిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను స్పానర్లు పట్టగలను, కరెంటు పని మాత్రం అంతంతే.

స్పీడ్ గేర్:

మారుతి 800ది సెకండ్ హ్యాండ్ తెచ్చి పెట్టేయండి బ్రదర్. పాత అంబాసిడర్లకి, జీపులకి అందరూ అదే పెడతారు. మూడు వైర్లు, గంట పని.

కడియం నర్సరీ బండి:

థాంక్స్ బ్రదర్. రాజమండ్రిలో ఒకటి చూశాను, 2,600 చెప్తున్నాడు. రేపు వెళ్ళి తెచ్చేస్తాను.

కటౌట్ మేస్త్రి, బెజవాడ:

తమ్ముడూ, రేపు వెళ్ళకు. రెండు రోజులు ఆగు.

నేను బెజవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పైన చెప్పిన ఆయన తప్పు చెప్పలేదు, మారుతి ఆల్టర్నేటర్ బాగానే పని చేస్తుంది. కానీ నువ్వు ఇంకా ముఖ్యమైన మాట చెప్పలేదు. నీ బండిలో బ్యాటరీ ఏ వైపు బాడీకి ఎర్త్ అయింది, అంటే ఏ టెర్మినల్ బాడీ ఇనుముకి కలిపి ఉంది? మైనస్సా, ప్లస్సా?

ఎందుకు అడుగుతున్నానంటే, పాత లూకాస్ సామాను ఉన్న బళ్ళలో ప్లస్ ఎర్త్ చేసినవి చాలా ఉంటాయి. డైనమోకి ఎటైనా ఒకటే. ఏ దిక్కు కరెంట్ ఒక్కసారి ఫీల్డ్‌కి (అయస్కాంతం పుట్టించే చుట్టకి) చూపిస్తే ఆ దిక్కునే తయారుచేస్తుంది. ఆల్టర్నేటర్ అలా కాదు. దాని లోపల కరెంట్‌ని ఒక వైపుకే పోనిచ్చే డయోడ్ల ప్లేటు ఉంటుంది, అది మైనస్ ఎర్త్‌కి కట్టింది. ప్లస్ ఎర్త్ బండికి పెట్టి బ్యాటరీ తగిలించావంటే బ్యాటరీ కరెంట్ మొత్తం డయోడ్ల గుండా నేరుగా ఎర్త్‌కి పోతుంది. కళ్ళు మూసి తెరిచేలోపు పొగ.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పని నేర్చుకుని సొంతంగా షాపు పెట్టుకున్న మొదటి ఏడాదిలోనే ఒక రైతు పాత పికప్ తెచ్చాడు. చూడకుండా బిగించేశాను. బ్యాటరీ టెర్మినల్ ఇంకా సరిగ్గా కూర్చోలేదు, చేతిలోనే చిటపటమని మెరిసింది. ఆల్టర్నేటర్ వెనక నుంచి పొగ. కొత్త ఆల్టర్నేటర్ నా డబ్బుతో కొని ఇచ్చాను. ఆ రోజు నుంచి ఏ పాత బండి వచ్చినా ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్తాను, తర్వాతే బానెట్ లోపల చూస్తాను.

రేపు పొద్దున బ్యాటరీ పెట్టె తెరిచి చూడు. బ్యాటరీ మీద ఉన్న గుర్తు చూడు, కేబుల్ రంగు చూసి నమ్మకు. ఎవరో ఎప్పుడో ఎర్ర కేబుల్ దొరక్క నల్లది వేసి ఉంటారు. చూసి రాయి.

పాత జీపు, హైదరాబాద్:

అండీ, నేను కొంచెం వేరే మాట చెప్తాను. అసలు డైనమో తీసేయాలా అనేది ముందు తేల్చుకోండి. నా దగ్గర రెండు పాత జీపులు ఉన్నాయి, రెండూ ఒరిజినల్ డైనమోతోనే తిరుగుతున్నాయి. ఈ ఎఫ్‌సీ ట్రక్కులు ఇప్పుడు చాలా అరుదు. ఎక్కడో షెడ్లలో తుప్పు పట్టినవి తప్ప నడిచేవి నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. దాని మీద ఉన్న ప్రతి పాత సామానూ విలువైనదే.

ఒక పరీక్ష చేయండి, పావుగంట పని. డైనమో వెనక రెండు టెర్మినల్స్ ఉంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండు వైర్లూ విప్పేయండి. మల్టీమీటర్ ఒక మొన డి మీద, రెండోది బాడీకి. ఇంజను స్లో (యాక్సిలరేటర్ నొక్కనప్పటి వేగం) కన్నా కాస్త ఎక్కువలో ఉంచండి. రెండు వోల్టుల అటూ ఇటూ చూపిస్తే లోపల అయస్కాంతం బతికే ఉందన్నమాట. ఇప్పుడు డి, ఎఫ్ రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలిపి ఇంజను మెల్లగా పెంచండి. మీటరు గంతులు వేయకుండా సాఫీగా పైకి పోవాలి. 20 వోల్టులు దాటనివ్వకండి, గట్టిగా రేస్ చేస్తే ఆర్మేచర్ కాలిపోతుంది. ఇది సాఫీగా ఎక్కితే డైనమో మంచిదే, తప్పు కటౌట్ బాక్సులో పాయింట్లదో, వైరింగ్‌దో. చాలామంది మంచి డైనమోని తీసి పాత ఇనుముకి వేసేస్తున్నారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

కడియం నర్సరీ బండి:

మేస్త్రి గారూ, మీరు అడిగినందుకు నేను మీకు ఎన్ని థాంక్స్‌లు చెప్పినా తక్కువే. ఇవాళ పొద్దున చూశాను. బ్యాటరీ ప్లస్ నుంచే జడలా అల్లిన రాగి పట్టీ ఛాసిస్‌కి వెళ్ళింది. పట్టీ అంతా ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. బోల్టు మీద పెయింట్ కూడా పాతది, అంటే ఈ మధ్య ఎవరూ మార్చింది కాదు. 40 ఏళ్ళుగా ఆ బ్యాటరీ మార్చుతున్నది నేనూ నాన్నగారూ. ఉన్నది ఉన్నట్టు తగిలించాం తప్ప, ఎందుకలా ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

హైదరాబాద్ అన్నగారూ, మీ పరీక్ష కూడా చేశాను. వైర్లు విప్పి చూస్తే 1.8 వోల్టులు ఉంది. రెండూ కలిపి పెంచితే 9 దాకా మెల్లగా వెళ్ళి, అక్కడి నుంచి 6కి, మళ్ళీ 11కి, అలా గంతులు. వెనక పట్టీ జరిపి చూస్తే కార్బన్ బ్రష్‌ల దగ్గర నీలం రంగు నిప్పురవ్వలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వైండింగ్ చేసినాయన పోయినసారే చెప్పాడు, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి ముక్కల చక్రం) మళ్ళీ లేత్ మీద పెట్టడానికి ఇంక రాగి మిగల్లేదని.

పాత జీపు, హైదరాబాద్:

అయితే డైనమో అయిపోయినట్టే, మీ తప్పేం లేదు. రోజూ పనిచేసే బండి ఆగిపోకూడదు, ఆల్టర్నేటర్ పెట్టుకోండి. ఒక్కటే కోరిక. డైనమో, పుల్లీ, దాని బోల్టులు, కటౌట్ బాక్సు పారేయకండి. కొత్త బ్రాకెట్ పాత బోల్టు రంధ్రాల్లోనే కూర్చునేలా చేయించండి. ఇంజను బ్లాకుకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయనివ్వకండి.

కటౌట్ మేస్త్రి, బెజవాడ:

చూశావా తమ్ముడూ. నీ 2,600 రూపాయలు మిగిలాయి.

ఇంక పని వరసగా చెప్తాను, కాగితం మీద రాసుకో.

అసలు డైనమోకి, ఆల్టర్నేటర్‌కి తేడా అర్థమైతే మిగతాది సులువు. డైనమోలో తయారైన కరెంట్ మొత్తం తిరిగే ఆర్మేచర్ నుంచి కమ్యుటేటర్, బ్రష్‌ల ద్వారా బయటికి రావాలి. అందుకే దాన్ని మరీ వేగంగా తిప్పడానికి లేదు, తిప్పితే చుట్లు చెదిరిపోతాయి. అందుకే పుల్లీ పెద్దది పెడతారు. పుల్లీ పెద్దది కాబట్టి ఇంజను స్లోలో ఉంటే ఛార్జింగ్ సున్నా. ఆల్టర్నేటర్‌లో తిరిగేది చిన్న ఫీల్డ్ చుట్ట మాత్రమే, దాని బ్రష్‌లు మోసేది మూడు నాలుగు ఆంపియర్లు. అసలు కరెంట్ కదలని చుట్టల్లో పుడుతుంది. కాబట్టి ఎంత వేగంగా తిప్పినా ఓర్చుకుంటుంది, చిన్న పుల్లీ పెట్టొచ్చు, స్లోలో కూడా ఛార్జ్ అవుతుంది.

ఆ రాత్రి మోరంపూడిలో నీకు ఏమైందో లెక్క వేసి చూడు. హాలోజెన్ బల్బులు రెండు డిమ్‌లో 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లు. వెనక లైట్లు, నంబర్ ప్లేటు లైటు కలిపి 2. వైపర్ 3. ఇగ్నిషన్ కాయిల్ 4. మొత్తం 18. నీ ఇంజను స్లోలో నిమిషానికి 600 చుట్లు తిరుగుతోంది, డైనమో ఇచ్చేది సున్నా. 18 ఆంపియర్లూ బ్యాటరీ నుంచే. అప్పటికే సగం దిగిన బ్యాటరీ పది నిమిషాలకి కళ్ళు తేలేసిందంటే దాని తప్పు కాదు.

మొదటి పని ఎర్త్ మార్చడం. బ్యాటరీ తిప్పి పెట్టి మైనస్‌ని ఛాసిస్‌కి ఇవ్వు. ఆ చిలుము పట్టిన పట్టీ తీసేసి కొత్తది వెయ్యి, బోల్టు కింద పెయింట్ గీకి ఇనుము మెరిసేదాకా చెయ్యి. ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఇంకో పట్టీ వెయ్యి. ఇంజను రబ్బరు మీద కూర్చుంటుంది కదా, ఆ పట్టీ లేకపోతే కరెంట్ చోక్ కేబులూ యాక్సిలరేటర్ కేబులూ వెతుక్కుంటుంది.

ఎర్త్ మార్చాక ఇగ్నిషన్ కాయిల్ మీద రెండు చిన్న వైర్లు అటుది ఇటు చెయ్యి. మార్చకపోయినా ఇంజను స్టార్ట్ అవుతుంది, కానీ ప్లగ్గులో నిప్పు బలంగా ఉండదు. ఆంపియర్ మీటరు వెనక వైర్లు కూడా మార్చు, లేకపోతే ముల్లు ఉల్టా చూపిస్తుంది. సెల్ఫ్ మోటారు ఏమీ చేయక్కర్లేదు, అది ఎటు ఇచ్చినా అదే దిక్కు తిరుగుతుంది. బల్బులు, హారన్‌కి బాధ లేదు. వైపర్ మోటారు చూసుకో, అయస్కాంతం రకం అయితే ఉల్టా తిరుగుతుంది. రేడియో గానీ, మొబైల్ ఛార్జర్ గానీ ఎవరైనా పెట్టి ఉంటే ముందే విప్పేయి.

రెండోది వైర్లు. ఇక్కడే చాలామంది కక్కుర్తి పడతారు. పాత డైనమో వైరు 22 ఆంపియర్లకి వేసింది. మారుతి ఆల్టర్నేటర్ దిగిపోయిన బ్యాటరీ చూస్తే 40 దాటి ఇస్తుంది. ఆ పాత వైరు మీద, ఆ ఆంపియర్ మీటరు మీద అంత కరెంట్ పంపితే డ్యాష్‌బోర్డ్ వెనక వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. నీ బండిలో ఇంజను మూత నీ మోకాలి పక్కనే ఉంటుంది, పెట్రోలు పైపు కూడా అక్కడే. అందుకే ఈ మాట రెండుసార్లు చెప్తున్నాను. ఆల్టర్నేటర్ వెనక బి అనే పెద్ద బోల్టు నుంచి కొత్త 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నేరుగా సెల్ఫ్ దగ్గర బ్యాటరీ కేబుల్ వచ్చే బోల్టుకి తీసుకెళ్ళు. మధ్యలో, బ్యాటరీ వైపున, 60 ఆంపియర్ల పట్టీ ఫ్యూజ్ వెయ్యి. వైరు కొసలకి వేసే లగ్గులు క్రింప్ మిషన్‌తో నొక్కించు, పట్కారుతో నొక్కి టేపు చుట్టకు.

అప్పుడు ఆంపియర్ మీటరు ఛార్జింగ్ చూపించదు, బండి వాడే కరెంట్ మాత్రమే చూపిస్తుంది. దాని పక్కన చిన్న వోల్టు మీటరు పెట్టుకో. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే అంతా బాగున్నట్టు.

చిన్న ప్లగ్‌లో రెండు వైర్లు ఉంటాయి, ఐజీ, ఎల్. ఐజీకి ఇగ్నిషన్ కీ నుంచి చిన్న ఫ్యూజ్ ద్వారా కరెంట్. ఎల్‌కి ఛార్జింగ్ ఎర్ర లైటు. ఇప్పుడు ఆ లైటు వైరు కటౌట్ బాక్సులో డి దగ్గరికి వెళ్ళి ఉంటుంది, దాన్ని విప్పి ఎల్‌కి కలుపు. బల్బు మామూలు ఫిలమెంటు బల్బే ఉండాలి, ఎల్ఈడీ వేస్తే చాలా ఆల్టర్నేటర్లు మేలుకోవు. బల్బు లేకుండా నేరుగా 12 వోల్టులు ఎల్‌కి ఇచ్చావా, లోపల రెగ్యులేటర్ అప్పటికప్పుడు పోతుంది.

కటౌట్ బాక్సు ఇంక పని లేదు. డైనమో ఆగినప్పుడు బ్యాటరీ కరెంట్ వెనక్కి పోకుండా ఆపడానికి, వోల్టేజీ అదుపు చేయడానికి అది ఉంది. ఈ రెండు పనులూ ఇప్పుడు డయోడ్లు, లోపలి రెగ్యులేటర్ చేస్తాయి. కానీ దాని ఏ, ఏ1 టెర్మినల్స్ మీద హెడ్‌లైట్లకీ హారన్‌కీ పోయే వైర్లు ఉంటాయి, అవి కలిపి ఉంచాలి. డి, ఎఫ్ వైర్లు మాత్రం రెండు కొసలా విప్పి టేపు చుట్టి వదిలెయ్యి. బాక్సు దాని చోటే ఉండనీ, హైదరాబాద్ ఆయన కూడా సంతోషిస్తారు.

చివరగా ఒక అలవాటు మానుకోవాలి. మన మెకానిక్‌లు బండి స్టార్ట్‌లో ఉండగా బ్యాటరీ కేబుల్ పీకి, ఇంజను ఆగకపోతే ఛార్జింగ్ ఉందంటారు. డైనమో రోజుల్లో చెల్లింది. ఆల్టర్నేటర్‌కి అలా చేస్తే ఆ క్షణంలో వోల్టేజీ ఎగిరి డయోడ్లూ రెగ్యులేటరూ పోతాయి. నీ బండి ముట్టుకునే ప్రతివాడికీ ముందే చెప్పు. బాడీకి వెల్డింగ్ చేయించినా ముందు బ్యాటరీ ఎర్త్ విప్పు.

లేత్ పని, తణుకు:

పుల్లీ, బ్రాకెట్ సంగతి నేను చెప్తాను, ఈ పని నాలుగైదు జీపులకి చేశాను.

డైనమో పొడుగు, సన్నం. ఆల్టర్నేటర్ పొట్టి, లావు. పాత డైనమో రెండు కాళ్ళకి మధ్య దూరం ఎక్కువ, ఆల్టర్నేటర్ చెవి (బోల్టు దూర్చే చోటు) ఆ దూరం అందుకోదు. అందుకని పాత రంధ్రాల మీదే కూర్చునేలా 8 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ప్లేటుతో ఎల్ ఆకారం బ్రాకెట్ చేయించాలి. సన్నం యాంగిల్‌తో చేయించకండి, రెండు నెలలకి వెల్డింగ్ దగ్గర చీలుతుంది. ఆల్టర్నేటర్ చెవుల మధ్య ఖాళీ కొలిచి సరిగ్గా అంతే పొడుగు గల స్టీలు బుష్ (గొట్టం ముక్క) కోయాలి. బుష్ లేకుండా వాషర్లు పేర్చి బోల్టు బిగిస్తే అల్యూమినియం చెవి టప్‌మని విరుగుతుంది. అది విరిగితే అతకదు.

మారుతి బెల్టు సన్నం, జీపు బెల్టు వెడల్పు. మారుతి పుల్లీ అలాగే ఉంచితే జీపు బెల్టు గాడిలోకి దిగకుండా అంచుల మీద కూర్చుంటుంది, జారుతుంది, కీచుమని అరుస్తుంది. చాలామంది పాత డైనమో పుల్లీనే లోపల రంధ్రం పెంచి ఆల్టర్నేటర్ షాఫ్ట్‌కి వేస్తారు. బెల్టు సరిపోతుంది గానీ పుల్లీ పెద్దది కదా, మేస్త్రి గారు చెప్పినట్టు స్లోలో వేగం రాదు. పైగా ఒరిజినల్ పుల్లీ పాడవుతుంది. జీపు బెల్టు గాడికి సరిపడేలా కొత్త పుల్లీ తిప్పించుకోండి.

క్రాంక్ పుల్లీ బయటి కొలత, డైనమో పుల్లీ బయటి కొలత రాస్తే ఎంత సైజు కావాలో చెప్తాను. ఆల్టర్నేటర్ పుల్లీ వెనక ఉండే గాలి రెక్కల పళ్ళెం మాత్రం తీయకండి, డైనమోకి పుల్లీకే రెక్కలుంటాయి, దీనికి విడిగా ఉంటాయి.

కడియం నర్సరీ బండి:

క్రాంక్ పుల్లీ 150 మిల్లీమీటర్లు, డైనమో పుల్లీ 90. వెర్నియర్‌తో రెండుసార్లు కొలిచాను.

లేత్ పని, తణుకు:

అంటే ఇప్పుడు ఇంజను 600 తిరిగితే డైనమో 1,000 తిరుగుతోంది. ఆల్టర్నేటర్ సరిగ్గా మేలుకోవడానికి ఇది అంచు. 65 మిల్లీమీటర్ల పుల్లీ చేయించండి, 1,380 దాకా వస్తుంది. అంతకంటే చిన్నది చేస్తే బెల్టు చుట్టుకునే చోటు తగ్గి జారుతుంది. బిగించాక క్రాంక్ పుల్లీ ముఖం మీద స్టీలు స్కేలు ఆనించి చూడండి, మూడు పుల్లీలూ ఒకే గీతలో ఉండాలి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

కడియం నర్సరీ బండి:

పని పూర్తయింది. పదకొండు రోజులు పట్టింది. గంట పని అని మొదట రాసిన బ్రదర్‌ని నేను తప్పు పట్టడం లేదు, మా బండి సంగతి వేరు.

బ్రాకెట్, బుష్, పుల్లీ రాజమండ్రిలో చేయించాను. కాగితం మీద బొమ్మ గీసి, పాత డైనమో కూడా చేతిలో పట్టుకెళ్ళాను. లేత్ ఆయన మొదటి బుష్ అర మిల్లీమీటరు పొట్టి కోస్తే మళ్ళీ కోయించాను. బ్లాకుకి కొత్త రంధ్రం ఒక్కటీ పడలేదు.

ఎర్త్ మార్చిన రోజు నాన్నగారు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. 40 ఏళ్ళు ప్లస్ ఉన్న చోట మైనస్ పెట్టడం ఆయనకి నచ్చలేదు. మేస్త్రి గారి మాటలు ఫోన్‌లో చదివి వినిపించాను. కాయిల్ వైర్లు నేను మర్చిపోతే ఆయనే గుర్తు చేశారు. వైపర్ నిజంగానే ఉల్టా తిరిగింది, దాని వెనక రెండు వైర్లు మార్చాం. డ్యాష్‌బోర్డ్ విప్పినప్పుడు ఆంపియర్ మీటరు వెనక వైరు చూస్తే, దాని ఇన్సులేషన్ ఎండిన అరటి నార లాగా వేళ్ళ మధ్య పొడిపొడి అయిపోయింది. దాని మీద 40 ఆంపియర్లు పంపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆ చుట్టుపక్కల వైర్లన్నీ కొత్తవి వేశాను.

మొదటిసారి కీ తిప్పితే ఎర్ర లైటు వెలిగింది. సెల్ఫ్ కొట్టగానే ఆరిపోలేదు. గుండె ఆగినంత పనైంది. కాస్త రేస్ చేయగానే ఆరింది, మళ్ళీ వెలగలేదు. వోల్టు మీటరు స్లోలో 13.9. హెడ్‌లైట్లు, వైపర్ అన్నీ వేస్తే స్లోలో 13.3, కొంచెం పెంచితే 14.1.

నిన్న రాత్రి మళ్ళీ అదే దారిలో, అదే మోరంపూడి. ఈసారి 60 గులాబీ కుండీలు. రైలు గేటు దగ్గర 15 నిమిషాలు ఆగాం, లైట్లు వేసే ఉంచాను. నాన్నగారు ఎదురుగా ఉన్న గోడ మీద లైటు వెలుతురు చూస్తూ కూర్చున్నారు. గేటు తీశాక "తగ్గలేదురా" అన్నారు, అంతే.

డైనమో గ్రీజు పూసి, పాత ధోవతి ముక్కలో చుట్టి, పుల్లీ, బోల్టులతో సహా పెట్టెలో పెట్టాను. ఏ వైరు ఎక్కడిదో చీటీ రాసి లోపల వేశాను.

ఒకటే అనుమానం మిగిలింది. ఇంజను మూత మూస్తే ఆల్టర్నేటర్ వెనక బి బోల్టుకీ మూత రేకుకీ మధ్య రెండు వేళ్ళ సందే ఉంది. గుంతల్లో ఇంజను కదిలితే రేకుకి తగులుతుందా?

కటౌట్ మేస్త్రి, బెజవాడ:

ఎర్ర లైటు మొదటిసారి రేస్ చేస్తే గానీ ఆరలేదంటే భయపడకు, కొన్ని అంతే. రోజూ అలాగే ఉంటే బ్రష్‌లు చూపించు.

రెండు వేళ్ళ సందు చాలదు. బి బోల్టు ఎప్పుడూ బ్యాటరీ ప్లస్‌తో కలిసే ఉంటుంది, కీ ఆపినా సరే. దాని మీద రబ్బరు టోపీ తప్పనిసరి, ఆల్టర్నేటర్ షాపులో పది రూపాయలకి దొరుకుతుంది. దానితో పాటు మూత లోపలి వైపు, సరిగ్గా ఆ బోల్టు ఎదురుగా, పాత టైరు ట్యూబు ముక్క అరచేతి వెడల్పున అతికించు. ఎండకి ఊడిపోయే జిగురు కాకుండా రెండు రివెట్లు కొట్టించు. ఈ పని అయ్యేదాకా రాత్రిపూట బ్యాటరీ ఎర్త్ విప్పి పెట్టు.

కడియం నర్సరీ బండి:

టోపీ దొరికింది. ట్యూబు ముక్క నాన్నగారు కోస్తున్నారు.